ఆశపోతు చుక్క

తోర్షావ్న్‌లో వాన అడ్డంగా కురుస్తోంది.
మార్యున్ రెండో కప్పు కాఫీ కూడా చల్లారబెట్టుకుని
చర్చి రిజిస్టర్లలో
సముద్రం నుంచి తిరిగిరానివాళ్ళ పేర్లు ఏరుతోంది.
ఎనభై ఏళ్ళ చావులు, నలుగురు పాస్టర్ల రాత,
పంక్తి చివర పంక్తి అతికించిన ఒక్క ఫైలు.

కళ్ళతో కాదు, నమూనాతో:
"మునిగె" అన్న మాట, ఆపైన చుక్క, ఆపైన నక్షత్రం,
చివర "సెన్", అంటే ఫలానావాడి కొడుకు.

తెలుగులో చెబుతున్నాను కాబట్టి చిక్కొచ్చింది.
బిందువూ చుక్కే, మింటి మీదదీ చుక్కే.
మొదటిది ఏ అక్షరమైనా సరేనంటుంది.
రెండోది ఎన్నిసార్లైనా సరేనంటుంది.
రెండూ కలిస్తే ఆశపోతు.

మీట నొక్కింది.
దొరికినవి: ఒకటి.
మొదటి మునక దగ్గర తెరిచిన నోరు
ఆఖరి సెన్ దాకా మూయలేదు.
పడవలూ, తేదీలూ, మశూచితో పోయిన పిల్లలూ,
పెళ్ళిళ్ళు సైతం
గంపగుత్తగా ఒకే గుక్క.
సముద్రం చేసిందీ ఇదే కదా అనుకుంది.
అనుకుని, నక్షత్రం పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది.
దానికి సిగ్గు రావడానికి అంత చాలు.
రెండువందల పన్నెండు.

హైని వచ్చాడు, బూట్లకు గొర్రెల పేడతో.
నుదుటి మీది అద్దాలు దించి
జాబితా కిందికొకసారి, పైకొకసారి చదివాడు.
"సున్నెవా ఏది?"
"ఏ సున్నెవా?"
"జలసంధి దాటుతూ పోయింది, ఉన్ని మూటలతో.
మా ముత్తవ్వ చెల్లెలు. తెడ్డు తనే వేసేది."

మార్యున్ నమూనా వంక చూసింది.
అది అబద్ధమాడలేదు.
కొడుకుల్ని అడిగితే కొడుకుల్నే తెచ్చింది.
సున్నెవా మునక దగ్గరే మొదలై,
ఆమె పేరు మీదుగా తొక్కుకుంటూ పోయి,
పక్క మగవాడి పేరు దగ్గర ఆగింది.

ఒక నిలువుగీత గీసింది. అంటే "లేదా".
ఆపైన "డాటర్".
అంత సన్నటి గీత,
ఇరవయ్యేడుగురు ఆడవాళ్ళు దాని మీద నడిచొచ్చారు.
వాళ్ళలో సున్నెవా పౌల్స్‌డాటర్.

"ఇక పొల్లు పోలేదు" అంది మార్యున్.
హైని ఏమీ అనలేదు.
పాత రిజిస్టరులో ఒక పేజీ తిప్పి వేలు పెట్టాడు:
ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి. నీలి స్వెటర్.
పేరు తెలియదు. ఇక్కడే పాతిపెట్టాం.

చుక్క ఏ అక్షరమైనా సరేనంటుంది,
కానీ అక్షరమంటూ ఒకటి ఉండాలి.

ఆమె ఫైలు అట్టడుగుకు వెళ్ళి
ఆ ఒక్కడినీ చేత్తో టైపు చేసింది,
స్వెటర్ రంగుతో సహా.