రెండు శుక్రవారాల నడుమ

హిద్ద్ క్యాంపు, పదకొండో రూము.
ఎనిమిది మంచాలు, ఒక టీవీ,
కింద అరబ్బీ అక్షరాలు పారే
అంతరిక్ష ఓడ సీరియలు.

మాటలు తెల్వయి. అంకెలు తెలుసు,
బస్సులూ జీతం చీటీలూ నేర్పినయి.

మేం చూస్తం.
లింబాద్రి చూడడు, తనిఖీ చేస్తడు.
డ్రైడాక్‌ల పదహారేండ్లు ప్లేటు కోసినోడు.
వెల్డింగ్ రాడ్ల డబ్బా అట్ట చింపి
పైన ‘తప్పులు’ అని రాసుకుంటడు.

పోయిన వారం ఇంజన్ రూము తలుపు ఎడమకు జరిగె,
ఇయ్యాల కుడికి.
మొదట్ల పన్నెండంతస్తులు,
ఇప్పుడు లిఫ్టు ఇరవై మూడు దాక పోతున్నది.
బయట నలభై కిటికీలు,
లోపల కెప్టెను పక్కన ఉత్త గోడ.
మొన్న రెక్క తెగి మండిన ఓడ
ఈ శుక్రవారం గీత లేకుండ మెరుస్తున్నది.

“తీసెటోళ్లకు సోయి లేదు” అన్నడు ఫైజుల్, ఉల్లిగడ్డ కోస్తా.
అందరం నవ్వినం.
లింబాద్రి నవ్వలే.
“మరి ఎవడు చేసిండు?” అన్నడు.

ఎవడు చేసిండంటే, మాకేం తెలుసు!

“రెండు శుక్రవారాల నడుమ
ఎక్కడనో డాక్‌కు పోయొచ్చిందిర ఇది.
పట్టా విప్పి, పక్క మార్చి, తలుపు బిగించిండ్రు.
చీకట్ల పరంజా కట్టి
పదకొండంతస్తులు ఎక్కిచ్చిండ్రు.
గప్పుడు కెమెరా పండుకున్నది.”

ఎండల్ల వచ్చిన గ్రీకు ట్యాంకరు యాదికొచ్చింది నాకు.
దాని కడుపుల నలభై టన్నుల ఇనుము మార్చినం,
ఊపిరి ఆడని అరల్లో, టార్చి పండ్ల నడుమ పెట్టుకొని.
పేరు అదే, జెండా అదే.
కెప్టెను నల్ల అద్దాలతోని వచ్చి
భోజనాల గదిల కుర్చీ ఎందుకు మారిందని
ఒక్కటే అడిగిండు.

టీవీల తలుపు దానంతటదే తెరుసుకున్నది.
ఎవరూ దాని దిక్కు చూడకుండ లోపలికి నడిచిండ్రు.

లింబాద్రి ‘తప్పులు’ కొట్టేసి
‘అయిన పనులు’ అని రాసిండు.
తలుపుకు ఇద్దరు మనుషులు, ఆరు గంటలు.
రెక్కకు తొంభై మంది, ఓటీ వేరే.
అంతస్తుల కాడ చాలసేపు గుణించిండు,
క్రేను ఉందో లేదో తేలక.

తెల్లారితే నాలుగున్నరకే బస్సు. లైటు బంద్ చెయ్యమన్నరు.

కిటికీల కాడ పెన్ను ఆగింది.
“ఇవి మాత్రం కోసినయి కావు,” అన్నడు చీకట్ల,
“ఎవడో రంగేసి పోయిండు.”