తొమ్మిది కుట్లు

జర్మనీ యుద్ధం ఆగిపోయిన రెండేండ్లకి
అనంతపురం కాలేజీకి మద్రాసు నుంచి పార్సిల్లో బంతి వచ్చె.
ఒకటే బంతి. పదకొండు మంది.
బూట్లు ఎవరికీ లేవు.

గ్రౌండంటే గడ్డి అనుకునేరు.
ఎర్ర గరుసు, పల్లేరు కాయలు,
పెనుకొండ దిక్కు నుంచి ఈడ్చి కొట్టే గాలి.
ఆటకు ముందు అందరూ వంగి ముండ్లు ఏరేటోళ్లు,
కోసిన చేన్లో చెనిక్కాయలు ఏరినట్ల.
అయినా ఒకటో రెండో మిగిలేవి.
ఆ మిగిలిన ముండ్లే మా ఇంట్లో సంగటి.

మా నాయన మారెన్న చెప్పులు కుట్టేవాడు,
నేను బంతి కుట్టేవాన్ని.
చిల్లుకు అర్ధణా, కుట్టు తెగితే అణా.
ఒళ్లో పెట్టుకుని కుట్టినంతసేపూ అది నాది.
గాలి పోసుకుని లేచిందా, ఇంగ వాళ్లది.
గీత అవతల నిలబడి చూసేవాన్ని.

గుత్తిలో నాలుగు గోల్సు తిని వచ్చిరి.
తాడిపత్రి మీద గెలిచిరి,
అవతల గోలీ పెండ్లికి పోయిన దినం.
కడపలో సమానం. రైలు తప్పిపోయి
స్టేషన్లోనే పండుకొని, పొద్దున్నే లెక్కల పరీక్షకు
ఆ మట్టికాళ్లతోనే వచ్చి కూచునిరి.
మదనపల్లె వాళ్లు రానే లేదు, వానంట.
వాన! మా ఊర్లో ఆ ఏడు ఆ మాట విని
బొజ్జారెడ్డి బంతి వదిలిపెట్టి ఆకాశం చూసె.

నరసింహాచారి తలతో కొట్టేవాడు.
తోలు నొసటికి తగిలినప్పుడల్లా
నామం సగం చెదిరి బంతికి అంటేది.
ఆటయినంక బాయి కాడ మూడు చేదల నీళ్లు గుమ్మరించుకొని
దొడ్డివాకిట్లో నుంచి ఇంట్లోకి పొయ్యేవాడంట.
మర్నాడు ఆ ఎర్ర గీత నా బొటనవేలికి అంటేది.
నేను తుడుచుకునేవాన్ని కాదు.

ఆఖరు ఆట మా గ్రౌండ్లోనే.
గుంతకల్లు రైల్వే వాళ్లు బూట్లేసుకొని దిగిరి.
నేల మీద ఆ చప్పుడు వింటానే మావోళ్లు కాళ్లు ముడుచుకునిరి.
ఒకటికి ఒకటి.
ఇద్దరికి జ్వరం, దస్తగిరి మోకాలు గుమ్మడికాయ.
ఇంకా పావుగంట ఉందనంగా
వాళ్ల బూటు తగిలి బంతి నోరు తెరిచె.

వాళ్ల బంతి ఉండె. మొహిద్దీన్ ఒప్పలా.
కెప్టెన్ గదా, మాట తక్కువ, పట్టు ఎక్కువ.
"కుట్టేవాడుండాడు" అన్యాడు అంతే.

గీత దాటి మొదటిసారి లోపలికి పోయినా.
నట్టనడుమ కూచున్యా.
చుట్టూ ఇరవై రెండు జతల కాళ్లు,
విజిలు నోట్లో పెట్టుకొని రైలింజను దొర.

తొమ్మిది కుట్లు. నాకది వక్కాకు నమిలేంత పని.
దారానికి మైనం పూసినా.
మళ్లీ పూసినా.
సూది మొన రాతి మీద నూరినా.
మూడో కుట్టు బాగలేదని విప్పినా.
దొర గడియారం చూసె, పొద్దు చూసె, నన్ను చూసె.
దస్తగిరి నేల మీద కాలు చాపుకొని
కండ్లు మూసుకొని ఊపిరి పీల్చుకునె.
ఏడో కుట్టుకు గోలుకట్టెల నీడలు ఒకటైపోయె.
తొమ్మిదో కుట్టుకు కట్టెలే కనపడలా.

నా జన్మలో నేనాడిన ఆట అదొక్కటే.

రూపాయి ఎగరేసి కప్పు ఎవరిదో తేల్చిరి.
మావోళ్లు బొరుసు అడిగిరి, బొమ్మ పడె.
కప్పు ఆ రాత్రి రైలుకే గుంతకల్లు పాయ.
నేను మిగిలించిన పొద్దంతా
అట్ల ఒక్క రూపాయికి ఖర్చయిపాయ.

మర్నాడు మొహిద్దీన్ మా గుడిసె ముందర నిలబడి
బంతి అందించె.
ఎక్కడా చిల్లు లేదు, కుట్టు తెగలా.
ఏం చేయాలన్నా అని అడిగితే
అణా బిళ్ల చేతిలో పెట్టి
"సూడు ఒకసారి, తొందరేం లేదు" అన్యాడు.