పోరంబోకు

గిండీ పార్కు గేటుకి తాళం.
వాచ్‌మన్ క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించాడు,
ఇవాళ సెలవు.
జింకలకి కూడానా, అని అడిగింది హంసిని
కొత్త నోటుపుస్తకాన్ని గుండెకి అదుముకుని.

పదకొండు రోజులు, ఆరు అడవులు, ఒక పాత మారుతి కారు.
అడవికొక ముద్ర వేయించుకోవాలని
పేజీకో గడి గీసుకుంది పిల్ల.
మొదటి గడి ఖాళీగానే
అడయారు వంతెన దాటాం.

బండి ప్రసూన నడుపుతోంది.
మ్యాపు నా ఒళ్ళో.
ఇరవై రెండేళ్ళుగా సర్వేయర్‌ని.
ఈయనకి హద్దులు చెప్పడం వచ్చు గానీ
దారి చెప్పడం రాదంటుంది తను.

ముట్టుకాడు దాటాక
పులిహోర పొట్లం విప్పుదామని ఆపితే
సరుగుడు తోపు వెనక లేచి ఉంది,
ఎవరూ టికెట్టు అడగని ఇసుక తిన్నె.

చెప్పులు చేతిలోకి వచ్చాయి.
రెండడుగులు ఎక్కితే ఒకడుగు వెనక్కి.
ఇసుక వడ్డీ పట్టుకుంటోంది, అంది ప్రసూన ఆయాసపడుతూ.
అలవాటు కొద్దీ ఎత్తు లెక్కేశాను:
నాలుగు ప్రసూనలు, పైన ఒక హంసిని.

రావణాసురుడి మీసాలు గాలికి ఊడొచ్చి
ముళ్ళబంతులై దొర్లుతున్నాయి.
తమిళంలోనూ వాటిది అదే పేరు.
ఆ పేరు మధ్యలో
ఏ సర్వేయరూ రాయి పాతలేదు.
బాలబంద తీగ కణుపు కణుపుకీ వేరు దింపి
ఇసుకని కూర్చోబెడుతోంది,
అంగన్‌వాడీ ఆయా
అల్లరి పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టినట్టు.
ఒకణ్ణి కూర్చోబెడితే ఇంకొకడు లేస్తాడు.

కొస దాటి సముద్రం వైపు దిగుతుంటే
హంసిని కాలికి ఏదో తగిలింది.
కూర్చుని రెండు చేతులా తోడింది.
గ్రానైటు రాయి. దాని మీద అంకె.
నలభై మూడు.

ఆ మూడుకి తోక ఉంది.

మూడు రాసినప్పుడల్లా కిందికి తోక లాగడం
నా చేతికున్న జబ్బు.
నేను సుద్దతో రాస్తే
రాతిపనివాడు నా గీత మీదే ఉలి నడిపాడు.
పదకొండేళ్ళయింది. ఎవరిదో లేఅవుట్.
ఫీల్డుబుక్కులో ఈ తిన్నె గురించి నేను రాసింది మూడే మాటలు:
పోరంబోకు. చదును చేయదగినది.
రెండు రోజుల బత్తా, ఒక బిర్యానీ.
తాడు లాగి, వరస తప్పకుండా, డెబ్భై రాళ్ళు.

తర్వాత కోర్టులోనో, డబ్బులోనో ఏదో ఆగింది.
యంత్రాలు రాలేదు.
గాలి మాత్రం సెలవు పెట్టలేదు.
నా గీతల మీదుగా ఏడాదికిన్ని మూరలు
తిన్నె రోడ్డు వైపు నడిచింది.
నలభై మూడుని మింగి,
ఇన్నాళ్ళకి వీపు వైపు నుంచి బయటపెట్టింది.

"ఎవరు పాతారు నాన్నా?"

ప్రసూన నా వైపు చూసింది.
నా మూడు తనకి తెలుసు,
పద్నాలుగేళ్ళ పాల లెక్కల్లో చూస్తూనే ఉంది.
"ఎవరో," అన్నాను.
తను నీళ్ళసీసా మూత తిప్పింది, మళ్ళీ బిగించింది.

కింద వల బాగుచేసుకుంటున్నావిడ
మమ్మల్ని చూసి నవ్వింది. అంజలై అట పేరు.
"ఆ రాళ్ళా? మంచి బరువు సార్.
నలభై ఒకటి మా పడవకి లంగరు.
యాభై మీద మా అత్త చేప తోముతుంది."
ఎవరు వేశారో ఆవిడ అడగలేదు.
నేను డబ్బులివ్వబోతే
దేనికన్నట్టు చూసింది.

తిరిగొచ్చేసరికి
హంసిని మొదటి పేజీని రాతి మీద పరిచి
పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దుతోంది.
బూడిదరంగు గడిలో
ముందు నాలుగు తేలింది,
తర్వాత మూడు,
చివరికి దాని తోక.
"ముద్ర పడింది," అని అరిచింది సముద్రానికి వినపడేలా.

పులిహోరలో ఇసుక కరకరలాడింది.
ఎవరం ఏమీ అనకుండా తిన్నాం.
కారెక్కి వెనక్కి చూస్తే
తిన్నె ఉన్నచోటే ఉన్నట్టు నటిస్తోంది.
ప్రసూన నా ఒళ్ళోంచి మ్యాపు తీసి
వెనక సీట్లో పడేసింది.
"దారి నేనడుగుతాలే," అంది.