మూత తీసే వంతు

పారెపారె రేవు దాటి ఎత్తెక్కితే మా బడి.
సోమవారం పొద్దున్నే ఏడో తరగతి పిల్లలు
ఇళ్ళల్లోంచి సంచులు పట్టుకొచ్చారు:
బొప్పాయి చెక్కు, వడలిన తూటికూర కాడలు,
నల్లబడ్డ అరటి తొక్కలు.
ఇల్హాం మాత్రం ఒకే ఒక్క గుడ్డుపెంకు
జేబులో, చితక్కుండా.

బియ్యం కడిగిన కుడితి ఓ బకెట్టు నేను మోసుకొచ్చాను.
తాటిబెల్లం రాయితో కొట్టి కరిగించాం.
నీలం డ్రమ్ము. కొత్తదేం కాదు,
అడుగున ఇంకా పామాయిల్ జిడ్డు.

"పద్నాలుగు రోజులు" అన్నాను, కాగితం చూసి.
రోజుకొకరు మూత తీసి గాలి వదలాలి.
వంతుల పట్టీ గోడకి అంటించాం.

ఐదో రోజు ఇల్హాం మర్చిపోయాడు.
ఆరో రోజు డ్రమ్ము తన మూత తనే తీసుకుంది.
హెడ్మాస్టరు గారి బాతిక్ చొక్కా మీద
తూటికాడ ఒకటి పతకంలా అతుక్కుంది.
మేం నవ్వలేదు.
నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాం.

"కుళ్ళిపోయింది, పారబోయండి" అన్నారాయన.
నాకూ అలాగే అనిపించింది. ముక్కు మూసుకుని
కాగితం వెనక్కి తిప్పి చూశాను.
వెనక ఏమీ లేదు.

అప్పుడు లేచింది బెస్సె తెన్రి,
చివరి బెంచీలో ఒక్కతే కూర్చునే పిల్ల.
వాళ్ళమ్మ రేవులో చేపల పేగులు తీస్తుంది.
తెన్రి పుస్తకాలక్కూడా ఆ వాసనేనని
పక్కన ఎవరూ కూర్చోరు.
కూర్చోమని నేనూ ఎవరికీ చెప్పలేదు.

డ్రమ్ములోకి వంగి, కళ్ళు మూసుకుని,
పులుసు రుచి వాసనతోనే పట్టే పెద్దావిడలా
ఊపిరి లోపలికి తీసుకుంది.
"కుళ్ళలేదు టీచర్. కుళ్ళితే గొంతులో పట్టుకుంటుంది.
ఇది ముక్కు కొసకే ఆగింది. పులుస్తోంది.
ఇంకా మాగాలి."

కుళ్ళడం, పులవడం, మాగడం.
మూడూ ఒకటే అన్నట్టు
పదకొండేళ్ళు పాఠం చెప్పాను.

ఆ తర్వాత పట్టీ ఎవరూ చూడలేదు.
మూత దగ్గరికి ముందు తెన్రిని పిలిచేవాళ్ళు.
"రేపు" అనేది. మళ్ళీ "రేపు" అనేది.
పందొమ్మిదో నాడు, వాన పట్టిన మధ్యాహ్నం,
"ఇవాళ" అంది.

నా పాత తలగుడ్డలో వడకట్టాం.
డికాక్షన్ రంగు.
మూతెడు రసానికి బకెట్టు నీళ్ళు,
చిక్కగా పోస్తే వేళ్ళు మాడతాయని ఆ పిల్లే చెప్పింది.
ఆ మాట కాగితంలోనూ ఉంది.

మిరప మొక్కల సంగతి అడక్కండి,
సగం మేకలు మేశాయి.

సాయంత్రం వ్యానులో ఇంటికి దిగుతూ
సబ్బుతో మూడుసార్లు కడిగిన చేతులు
ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను.
ఎక్కినవాళ్ళు ఒక్కొక్కరే
ఎదుటి సీట్లోకి ఇరుక్కున్నారు.
నా పక్కన చోటు
రేవు దాకా ఖాళీగానే ఉంది.