పదకొండు నిమిషాల ఖాళీ ఆకాశం

ఆరో డిస్కు కూడా పాడైంది.
బార్న్స్‌లీలో వాన, రాత్రి ఒంటిగంట,
వంటింటి బల్ల మీద నా పాత ల్యాప్‌టాప్
ఉబ్బసం మనిషిలా రొప్పుతోంది.

పక్కింటి క్లిఫర్డ్ హేగ్ పెన్‌డ్రైవ్ ఇచ్చాడు,
సబ్బుపెట్టెలో పెట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి.
అందులో ఆయన పందెం పావురాలు,
మూడు గంటల పావురాలు.
వాళ్ల క్లబ్బు టీవీకి తెలిసింది డీవీడీ ఒక్కటే.
సభ్యులు అయిదుగురు మిగిలారు,
శనివారం ఆఖరి సమావేశం, ఆ పైన తాళం.
"నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా" అన్నాడు.
నేను గోదాములో పార్సిళ్ళకు స్టిక్కర్లు అంటిస్తాను.
ఆ సబ్బుపెట్టె చూశాక కాదనబుద్ధి కాలేదు.

మొదటిది పదహారు రెట్ల వేగంతో కొట్టాను.
పెనం కాగకముందే పిండి పోసిన అట్టు:
అక్కడ అంటుకుని, ఇక్కడ చిరిగి.
నాలుగు రెట్లకు దించాను. సన్నసెగ.
అట్టు లేచింది గానీ
పావురాలు లేవలేదు.

డిస్కుల మీద అనుమానపడ్డాను,
సంతలో పౌండుకు అయిదు కొన్నవి,
వెలుతురుకు పట్టి చూస్తే ఊదారంగు వెలిసిపోయి.
మంచివి తెచ్చాను. అవే గళ్ళు.
సెకనుకు ముప్పై బొమ్మలన్నాను, ఇరవయ్యైదన్నాను,
దువ్వెన పళ్ళలా చీలిన అంచుల్ని సరిచేశాను.
అవే గళ్ళు.

అప్పుడు కళ్ళబడింది.
గూటి తలుపు ఆకుపచ్చ రంగు చక్కగా ఉంది,
దాని మేకులు లెక్కపెట్టొచ్చు.
బకెట్టు, ఇటుక గోడ,
గోడ మీద ఎవరో మర్చిపోయిన టీ కప్పు,
అన్నీ ఇప్పుడే కడిగి పెట్టినట్టు.
ఎగిరేది వచ్చేసరికి
రెక్క ఒక గడి, మెడ ఒక గడి,
ముప్పై పావురాలు మలుపు తిరిగిన చోట
చదరంగం బల్ల ఒరిగి కరిగిపోయింది.

కదలనిదానికి పిడికెడు చాలు.
ఎగిరేదానికి గంపెడు కావాలి.
మూడు గంటల్ని ఒకే పళ్ళెంలో కుక్కితే
ఎవరి వంతుకైనా వచ్చేది పిడికెడే.

కొయ్యాలి, అన్నాను మర్నాడు.
గంట మాత్రమే ఉంచాలి.
ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
తేలికైనది నేనే చూపించాను:
ఇదిగో, పదకొండు నిమిషాలు, ఏమీ లేదు,
బూడిదరంగు ఆకాశం, మధ్యలో ఎవరిదో దగ్గు.
"అది ముట్టుకోకు" అన్నాడు.
"ఆటంటే అదే."
తెల్లారి ఫ్రాన్సులో వదిలినవి
సముద్రం దాటాయో, డేగ తన్నుకుపోయిందో,
మెడ పట్టేసేదాకా పైకి చూడటం.
"దగ్గింది డోరీన్. కెమెరా తన చేతిలో ఉంది."

మరి పోయేదేది?
కప్పు అందుకున్న సభ పోయింది.
మేయరు కరచాలనం పోయింది.
పత్రికవాళ్ళ కోసం నవ్విన నవ్వు,
ఆ ఏడాది వేసుకున్న కొత్త కోటు,
చప్పట్లు మొత్తం.
ఒక్కోదానికీ "ఊఁ, పోనీ" అంటూ
బిస్కెట్టు టీలో ముంచుకున్నాడు.

ఏడో డిస్కు. నాలుగు రెట్లు.
పదిహేను నిమిషాలు ఇద్దరం
పెరిగే అంకెనే చూస్తూ కూర్చున్నాం.
ట్రే బయటికొచ్చాక
గుడ్డును ఎత్తినట్టు అంచులు పట్టుకుని
ఎత్తాడు. ఇంకా వెచ్చగా ఉంది.

శనివారం క్లబ్బులో అయిదుగురూ, నేనూ.
ఆకాశం.
దగ్గు.
మళ్ళీ ఆకాశం. ఎవరూ కదల్లేదు,
ఒకాయన చేతిలో బీరు అలాగే ఉండిపోయింది.
కుడి మూలన చిన్న మచ్చ కనబడింది.
నా గుండె జారింది,
ఇంకో గడి, ఇదీ పాడైందనుకున్నాను.

క్లిఫర్డ్ అప్పటికే లేచి నిలబడ్డాడు.