చెక్కుబందీ

ముప్పై ఏండ్లుగా నాది
చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
నీలం టార్పాలిను కింద ఒక బల్ల, ఒక కుర్చీ.
తూర్పున మునెమ్మ మామిడితోపు,
పడమర వంక పోరంబోకు,
ఎవురి నేలకైనా నాలుగు పక్కలా హద్దులు రాసే పని.
ఆ డబ్బుల్తో, ఎవురికీ చెప్పకుండా,
తొంభై అయిదు మోడల్ బెంజి కారొకటి కొనేస్తిని.

మా చెల్లెలు సులోచన తల కొట్టుకునింది.
'స్కూటీకే పెట్రోలు లెక్కేస్తావు గదక్కా!'
గిరింపేట జిలానీ మాత్రం బానెట్టెత్తి
చానాసేపు ఏం మాట్లాడలా.
గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు,
ఇంజన్ని ముట్టుకోక ముందే.

బుష్షులు రాణిపేట నించి,
అద్దం దించే మోటారు కోయంబత్తూరు గుజిరీ నించి.
ఎడమ పక్క వెనక తలుపు లోపల్నించి తెరుచుకోదు.
ఏసీ ఉందంటే ఉంది.
తాళం తిప్పితే పచ్చగా ఒక చుట్ట బొమ్మ వెలుగుతుంది,
అది ఆరేదాకా ఆగాల, అప్పుడే స్టార్టు.
ఉరకాలని కొన్న బండి
మొదట నేర్పింది ఆగడం.

ఆదివారం ఆదివారం ఏకాంబరం వస్తాడు.
క్వారీ ఓనరు దగ్గర ఇరవై ఒక్క ఏండ్లు
ఇదే స్టీరింగు పట్టిన మనిషి.
అరవై దాటితే చాలు
వెనక నించి చేతికర్ర సీటును తట్టేదంట.
'కొండలు పేల్చేటాయనకి
కారు ఉరికితే భయమమ్మా.'
మీటరు మీద రెండువందల నలభై దాకా అంకెలు.
'ఆ పక్కకి ముల్లు పోతే ఎట్టుంటాదో
ఒకసారి చూపించు.
నేను వెనక కూర్చుంటా.
ఎప్పుడూ కూర్చోలా.'

తెల్లారి నాలుగున్నర, బెంగుళూరు రోడ్డు.
బంగారుపాళెం మండీలు నిద్రలో ఉండాయి,
మామిడికాయల వాసన ఒక్కటే మేలుకొని ఉంది.
నూరు. నూట ఇరవై.
నూట ముప్పై దగ్గర డ్యాష్‌బోర్డు లోపల
ఏదో మర గలగలమంటాది, ఎక్కడో జిలానీకీ తెలీదు.
నూట నలభై దాటినాక
పాత ఇనుమంతా నోరు మూసుకుంది.
పొద్దస్తమానం నడుము నొప్పనే మా పెద్దత్త
గంగజాతరలో చేతికి వేపమండ రాగానే
నిట్టనిలువుగా లేచినట్టు.

ఉత్తరాన గుట్ట
రాసుకునే లోపల వెనకాల.
దక్షిణాన చింతచెట్టు
అదీ వెనకాలే.
బానెట్టు మీది మూడు కొమ్మల చుక్క ముందర
హద్దంటూ నాకేం కనపళ్ళా.
చినుకులు పడినాయి.
ఒంటి వైపరు,
అద్దమంతా తనొక్కతే ఊడ్చుకునింది,
నా ఇల్లు నేను ఊడ్చుకున్నట్టే.
నూట యాభై ఎనిమిది.

అప్పుడు చెరుకు ట్రాక్టరు.
వెనక లైటు లేదు, ఎర్రగుడ్డా లేదు,
నల్లగా ఒక గడల గోడ.
నేను కట్టిన బ్రేకు బిల్లులన్నీ
ఆ రెండు క్షణాల్లో చెల్లిపోయినాయి.
బండి పక్కకి జారలా. నా కాళ్ళే వణికినాయి,
మళ్ళా ఎనభై దాటనీలా.

మొగిలి దగ్గర టీ.
వెనక తలుపు బయట నించి నేనే తెరిస్తి.
ఆయన కుడికాలి కింద మ్యాటు
ముద్దగా నలిగిపోయి ఉంది,
లేని బ్రేకును తొక్కి తొక్కి.
'చూసినావా ఏకాంబరం, ముల్లు?'
టీ ఊదుకుంటా ఉన్నాడు.
'లేదమ్మా. మీ భుజం అడ్డమొచ్చింది.'

గ్లాసు కింద పెట్టి
తాళం ఆయన చేతిలో పెడితిని.
పచ్చ చుట్ట ఆరేదాకా ఇద్దరం కాచుకున్నాం.
తెల్లారిన రోడ్డు, ఎండ, ఖాళీ.
వెనక సీట్లో నా చేతిలో కర్రేం లేదు.
చిత్తూరు దాకా
అరవై దాటలేదు.