పదహారు అణాల గొలుసు

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
ఇస్మాయిల్ భాయ్ హోటల్ల
లడాయి మొదలై ఎన్నేండ్లాయెనో
చాయ్ ధరను అడిగితే చెప్తది.

నేను సర్వేయర్ సారు ఎనక గొలుసు పట్టేటోన్ని.
ముప్పైమూడు అడుగులు, పదహారు అణాలు,
ఒక కొస సారు కాలికాడ, ఒక కొస నా చేతుల.
ఇరవై రెండేండ్లల
నీకేమనిపిస్తుందిరా అని నన్నెవ్వరడుగలె.
అందుకే ఇంటుంట.

పేపర్ మడత ఇప్పంగనే
రెండు బెంచీలు రెండు దేశాలైతయి.
ఎరువుల దుకాణం సోమనర్సయ్య గిలాస టేబుల్ మీద కొట్టి
"పెద్దోని వాకిట్ల నిలబడి
పక్కింటోడు పరాయోనితోని దోస్తాన జేస్తే
ఊకుంటడా?" అంటడు.
అనంతరాములు సారు అద్దాలు తుడుచుకుంట
"ఊకోకుంటే? ఇంట్ల జొరబడి పొయ్యి ఆర్పుతడా?"
బజ్జీల బండి ఈరమ్మకు ఏ బెంచీ లేదు.
నూనె ప్యాకెట్ మీది పసుప్పచ్చ పువ్వును జూపి
"ఇది మన దిక్కు తిరుగుడు మానేసింది" అంటది.
బజ్జీ అప్పటికే చిటికెన వేలంతైంది.

మూలకు మాస్కయ్య.
ఎర్రజెండా మోసిన తండ్రి
చూడని పట్నం పేరు కొడుక్కు పెట్టుకున్నడు.
"మా నాయిన చెప్పినప్పుడు
అదంత ఒక్కటే ఇల్లుండె"
అంటడు, గిలాసకే ఇనపడేటట్టు.
ముంచిన బిస్కట్ ఇరిగి అడుగుకు పోతది.
చెంచ అడుగడు.

నాకు గుర్రంపోడు దిక్కు ఒక గెట్టు యాదికొస్తది.
పాలోళ్ళు. ఆరణాల జాగ.
ఒకడు టీపన్ దెచ్చిండు,
ఇంకొకడు అంతకన్న పాత సేత్వార్ దెచ్చిండు,
మూడోసారికి తాత ఏలిముద్రొచ్చింది.
ఎంత పాత కాయితమైతే అంత పెద్ద నోరు.
తిట్లు గూడ ఒక్కటే భాష,
ఎవడు ఏది తిట్టిండో
గొలుసు మధ్యల నిలబడితే తెల్వకపోయె.
కోర్టు తారీఖులకు గెట్టు మీది ఏపచెట్టు అమ్మిండ్రు,
నీడ ఎటు పడేదో ఇప్పుడు సాక్ష్యం లేదు.
అయినా ఒకరు సస్తే
ఇంకొకరికి పదొద్దుల మైల తప్పలె.
మాట్లాడుకోకుంటనే ఒక్కనాడు తానం జేసిండ్రు.

ఆడ,
ఆ మంచుల,
ఎవరు ఎవరికి మైల పడుతున్నరో.

సోమారం సోమారం
చందంపేట దిక్కు తండనుంచి
ముడావత్ హర్జ్యా అర్జీ పట్టుకొని వస్తడు.
గోదాం కాడ కావలి నౌకరని
ఏజెంటు కొడుకును తోలిచ్చిండు.
తాళంచెవులు ఇయ్యలె, తుపాకి ఇచ్చిండ్రు.
హర్జ్యా గడప తొక్కంగనే
రెండు బెంచీలు ఒక్కటైతయి.
సోమనర్సయ్య చాయ్ చెప్తడు,
అనంతరాములు సారు పేపర్ మడిచి
దాని మీద కూసుంటడు.

ఫోన్ల పాత మాట ఒకటుంది,
మళ్ళ మళ్ళ పెడ్తడు:
"బా, ఈడ మట్టి నల్లగుంది,
మన దిగువ రేగడి లెక్కనే.
పత్తి ఏస్తే ఇరగకాస్తది.
రోజు తవ్వుతున్నం.
చలి సంగతి మా యాడికి చెప్పకు."
ఆ తర్వాత ఏదో ఇనుము రాకిన సప్పుడు.
తర్వాత ఇస్మాయిల్ భాయ్ స్టవ్ సప్పుడే.

నిన్న సోమారం
నా భుజం మీది గొలుసు దిక్కు జూసి
హర్జ్యా అడిగిండు:
"గొలుసన్నా,
ఆడికి ఎన్ని గొలుసులైతది?"

ఇరవై రెండేండ్లకు నన్నడిగిన మాట.
నా గొలుసు మండలం దాటలె.
తొమ్మిదో అణా కాడ
ఎవరి చెలకదో ఎర్రమట్టి ఎండి ఉంది,
గోరుతోని గీకుకుంట కూసున్న.
చందంపేట బస్సు హారన్ కొట్టింది.
హర్జ్యా లేసిండు గని
గొలుసు ఒక కొస ఆయన చేతులనే ఉండె.
నేనూ గుంజలె.